కింది వాటాకు భీమా వుందా?

"యిల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దలు "యిల్లు అద్దెకిచ్చి చూడు" అని ఎందుకు అనలేదో మరి. ఆ రోజుల్లో పరాయివాళ్ళకు వాటా యిచ్చి, ఆ వచ్చే డబ్బుతో నెల గడుపుకోవలసిన అవసరం యింతమందికి వుండి వుండదు. యివాళ సంగతి వేరు. పెన్షను లేని వుద్యోగాలు చేసి విరమించినవాళ్ళూ, భర్త పోయి ఒంటరిగా వుంటున్న యిల్లాళ్ళూ, అద్దె డబ్బు మీద ఆధారపడి బతుకుతున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. పొలం వున్నవాళ్ళకు పంట ఎలాంటిదో వీళ్ళకు కింది వాటా అలాంటిది.

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను. ఆమె భర్త ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా పనిచేశారు. ప్రావిడెంటు ఫండు డబ్బూ, బాంకు అప్పూ కలిపి మేడ కట్టారు. ఆయన పోయారు. పైన ఆమె వుంటున్నారు. కింద ముందువాటా 9,000, వెనకవాటా 7,000 చొప్పున రెండు కుటుంబాలకు అద్దెకిచ్చారు. ఆ పదహారు వేలే ఆమె నెల జీతం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింది గదుల్లో కిటికీల దాకా నీళ్ళు వచ్చి, రోజుల తరబడి నిలిచిపోయాయి. అద్దెకున్నవాళ్ళు కట్టుబట్టలతో చుట్టాల యిళ్ళకు వెళ్ళిపోయారు. నీళ్ళు తీశాక చూస్తే తలుపులు వుబ్బి బిగుసుకుపోయాయి, గోడల గిలాబా రాలిపోయింది, కరెంటు వైర్లూ స్విచ్చీలూ మార్చవలసి వచ్చింది, మోటారు కాలిపోయింది. మరమ్మతులకు లక్షా ఎనభై వేలు అయింది. రెండు నెలలు మరమ్మతులు. ఆ తరవాత మరి రెండు నెలలు అద్దెకు వచ్చేవాళ్ళు లేక రెండు వాటాలూ ఖాళీ. నాలుగు నెలల అద్దె, అంటే 64,000, పోయినట్టే.

"అప్పు యిచ్చేటప్పుడు భీమా కూడా కట్టించుకున్నారు గదా అని బాంకుకు వెళ్ళాను. అప్పు 2023 లోనే తీరిపోయింది, దానితోపాటే భీమా తీరిపోయింది అన్నారు. యిప్పుడు మళ్ళీ కట్టడం దండగా? కడితే ఎంతకు కట్టాలి? అద్దెకున్నవాళ్ళ ఫ్రిజ్‌జూ టీవీ నీళ్ళలో నానిపోయాయి, వాటికి కూడా నేనే జవాబుదారీనా?" అని ఆమె అడుగుతున్నారు.

ముందు బాంకు సంగతి. బాంకు కట్టించే భీమా ముఖ్యంగా బాంకు డబ్బు కాపాడుకోవడానికి. చాలాసార్లు అది అప్పు మొత్తానికే వుంటుంది, అప్పు వున్నంతకాలమే వుంటుంది. యింకో తిరకాసు కూడా వున్నది. అప్పుతోపాటు ప్రీమియం తీసుకున్న పాలసీ కొన్నిసార్లు యింటిమీద కాదు, అప్పు తీసుకున్న మనిషి ప్రాణం మీద. ఆ మనిషి పోతే అప్పు తీరుతుంది. యిల్లు పోతే దమ్మిడీ రాదు. "మాకు భీమా వుందండీ" అని ధీమాగా చెప్పేవాళ్ళు ఒకసారి బీరువా తీసి ఆ కాగితం చదువుకోవాలి. కడపటి ఈఎంఐ కట్టిన రోజున దస్తావేజులు వెనక్కు తెచ్చుకుని పసుపు కుంకుమ పెట్టుకుంటాం. ఆ రోజుతోనే యింటికి వున్న గొడుగు కూడా పోయి వుండవచ్చునన్న సంగతి ఎవరికీ తోచదు.

ఎంతకు కట్టాలన్నది రెండో ప్రశ్న. మనవాళ్ళు యిక్కడే తప్పటడుగు వేస్తారు. "మా యిల్లు కోటి రూపాయలు చేస్తుంది" అంటారు. ఆ కోటిలో స్థలం ఎంత? సోదరి యిల్లు నూటయాభై గజాల్లో వున్నదట. గజం నలభై వేలు అనుకుంటే స్థలమే 60 లక్షలు. స్థలాన్ని నిప్పు కాల్చదు, గాలి ఎత్తుకుపోదు. దానికి భీమా లేదు, అక్కరలేదు. లెక్క వెయ్యవలసింది, యిల్లు నేలమట్టమైతే అదే యిల్లు మళ్ళీ కట్టడానికి యివాళ ఎంత అవుతుందన్నది. గోడల లోపల కింద 900, పైన 900 చదరపు అడుగులు వున్నాయనుకుందాం. కట్టుబడి అడుగుకు 2,000 అనుకుంటే 36 లక్షలు. ఆ మొత్తానికి పాలసీ తీసుకుంటే చాలు. కోటికి తీసుకుంటే ప్రీమియం ఎక్కువ కడతారే గాని పైసా ఎక్కువ రాదు. యిరవై ఏళ్ళ కింద కట్టినప్పుడు ఎనిమిది లక్షలైంది గదా అని ఎనిమిదికి తీసుకోవడం అంతకంటె పెద్ద పొరపాటు.

ఎలాంటి పాలసీ అన్నది తేల్చుకోవడం యిదివరకటంత కష్టం కాదు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం వున్న భీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్షా" అనే పాలసీని ఒకే నమూనాలో అందరికీ అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. పేరుకు ముందో వెనకో కంపెనీ తన పేరు తగిలించుకుంటుంది గాని లోపలి షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, వాహనం వచ్చి గోడను గుద్దడం, నీళ్ళ ట్యాంకో గొట్టమో పగలడం, యివన్నీ అందులో వున్నాయి. ప్రహరీగోడ, నీళ్ళ ట్యాంకు, డాబామీద సౌరఫలకాలు కూడా యింటి కిందికే వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడిన నాటి గాలిని చూసినవాళ్ళకు డాబామీది ట్యాంకు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ పాలసీలో నాకు నచ్చిన అంశం ఒకటున్నది. పాత అగ్నిభీమాలో ఒక మెలిక వుండేది. పది లక్షల యింటికి అయిదు లక్షలకే భీమా చేస్తే, లక్ష నష్టానికి యాభై వేలే యిచ్చేవారు. తక్కినది మీ ఖాతాలో పడేది. గృహ రక్షాలో ఆ మెలిక తీసేశారు. యిల్లు పూర్తిగా పోతే మీరు రాసిన మొత్తానికి మించి రాదు గాని, చిన్న నష్టాలకు యిలా కోత పెట్టరు. పదేళ్ళ దాకా ఒకేసారి తీసుకునే వీలున్నది. అలా తీసుకుంటే భీమా మొత్తం ఏటా పదోవంతు దానంతట అదే పెరుగుతుంది. 36 లక్షలు అయిదేళ్ళకు 54 లక్షలౌతుంది, అదనపు ప్రీమియం లేకుండానే. సిమెంటు ధర పెరిగిందని ఏటా దిగులుపడనక్కరలేదు. యింట్లో సామానుకు కూడా యింటి మొత్తంలో అయిదోవంతు, పది లక్షలకు మించకుండా, కలిపే యిస్తారు. ఐతే నగలూ వెండీ అందులో చేరవు. వాటికి విలువ చెప్పి విడిగా చేర్పించుకోవాలి.

రానివి కూడా తెలుసుకోవాలి. పాతబడి గోడ నెర్రెలిచ్చినా, చెమ్మ ఎక్కినా, చెదలు పట్టినా యీ పాలసీ పలకదు. అది యిల్లుగలవారు ఏటా చేయించవలసిన పని. మామూలు రోజుల్లో దొంగలు పడితే కూడా యిది పనికిరాదు. వరదో అగ్నిప్రమాదమో జరిగిన ఏడు రోజుల లోపల జరిగిన దొంగతనానికే యిందులో దారి వున్నది. దొంగల భయానికి వేరే పాలసీ వున్నది.

యిక అసలు విషయం, అద్దె. సొంతానికి వుంటున్నవాళ్ళ యిల్లు పాడైతే గోడలు పోతాయి. అద్దెమీద బతికేవాళ్ళకు గోడలతోపాటు నెల జీతం పోతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను ఒకటున్నది. నిప్పు వల్లో, గాలివాన వల్లో, వరద వల్లో యిల్లు పూర్తిగా నాశనమైనా, మొత్తంమీద ఎప్పటికీ పనికిరాకుండా పోయినా, అద్దెకున్నవారు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చును. న్యాయమే గదా, నీళ్ళలో కాపురం చేసి అద్దె కట్టమని ఎవరు అనగలరు? అంచేత ఆ లోటు పూడ్చుకోవలసింది అద్దెకున్నవారి దగ్గర కాదు, భీమా కంపెనీ దగ్గర. గృహ రక్షా పాలసీలో అద్దె నష్టం కూడా చేరే వున్నది. ఏజెంట్లలో చాలామంది యీ మాటే ఎత్తరు, అడిగి రాయించుకోండి.

అద్దె నష్టమంటే ఏమిటో కూడా సరిగ్గా తెలుసుకోవాలి. భీమాలో చేరిన ప్రమాదం వల్ల యిల్లు కాపురానికి పనికిరాకుండా పోయి, దాన్ని బాగుచెయ్యడానికి న్యాయంగా పట్టే కాలంలో మీరు పోగొట్టుకునే అద్దె అది. సోదరి లెక్క తీసుకుంటే, మరమ్మతులు జరిగిన రెండు నెలల 32,000 వచ్చే దారి వుండేది. యిల్లు బాగుపడిన తరవాత ఎవరూ చేరక ఖాళీగా వున్న రెండు నెలలకు రాదు. మేడమీద కూడా వుండలేక మీరే వేరే చోట అద్దెకు వుండవలసి వస్తే, ఆ అద్దె కూడా యీ కిందికే వస్తుంది. అద్దెకున్న పెద్దమనిషి ఆరు నెలలు బాకీపెట్టి రాత్రికి రాత్రి చెప్పకుండా వెళ్ళిపోతే మాత్రం యీ పాలసీ మిమ్మల్ని చూసి జాలిపడదు. దానికి మందు ముందుగా పుచ్చుకున్న అడ్వాన్సూ, మనుషులను ఎంచుకోవడంలో జాగ్రత్తానూ.

యీ సందర్భంలో కాస్త కటువైన మాట ఒకటి చెప్పాలి. అద్దె ఒప్పందంలో 5,000 అని రాసి, చేతికి 9,000 పుచ్చుకోవడం చాలామంది యిళ్ళవాళ్ళకు అలవాటు. ఆదాయపన్నువారి కళ్ళుగప్పామనుకుంటారు. నష్టం జరిగిన రోజున కంపెనీవారు "అద్దె ఎంత?" అని అడిగితే ఏ కాగితం చూపిస్తారు? అయిదు వేల కాగితం చూపించి తొమ్మిది వేలు అడగడానికి నోరు ఎలా వస్తుంది? అద్దె బాంకు ఖాతాలో వేయించుకుంటే ఆ ఖాతాయే సాక్షి. పైగా పన్ను భయం అంతగా పెట్టుకోనక్కరలేదు. యింటి అద్దెలో మునిసిపల్ పన్ను తీసేసిన తరవాత మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల వంటి ఖర్చులకింద లెక్క అడగకుండానే తగ్గిస్తారు. భీమా ప్రీమియానికి విడిగా తగ్గింపు లేదు, అది ఆ ముప్ఫై లోనే అణిగిపోతుంది.

నిజం చెప్పవలసిన చోటు యింకొకటి వున్నది. పాలసీకి ముందు నింపే ప్రతిపాదన పత్రంలో, యిల్లు అద్దెకిచ్చామా సొంతానికి వుంచుకున్నామా అన్నది దాచకూడదు. భీమా వ్యవహారమంతా యిచ్చిన మాట మీద నడిచేది. మొదట అంతా సొంతానికి వుంచుకుని తరవాత వాటా అద్దెకిచ్చినా, యిల్లు చాలాకాలం ఖాళీగా వున్నా, కంపెనీకి ఒక ఉత్తరం ముక్క రాసి నకలు దాచుకోండి. కొన్ని పాలసీల్లో ఖాళీ యింటికి గడువు షరతు వుంటుంది, చదువుకోవాలి. గృహ రక్షా కాపురముండే యిళ్ళకు. ముందు గదిలో కిరాణా దుకాణం పెట్టించినా, గ్యారేజీని గోడౌను చేసినా అది వేరే లెక్క. అయిదు కోట్ల లోపు ఆస్తివున్న చిన్న వ్యాపారస్థలాలకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా" అని వేరే పాలసీ వున్నది. కాపురానికని చేరి, దీపావళికి పదిరోజుల ముందు వెనకగదినిండా బాణసంచా పెట్టెలు పేర్చే మహానుభావులు వుంటారు. "పండగ నాలుగు రోజులేగదా అమ్మా" అంటారు. ఒప్పుకోకండి. నిప్పురవ్వ పడితే పోయేది యిల్లొక్కటే కాదు, "మీరు చెప్పిన వాడకం వేరు, జరిగిన వాడకం వేరు" అని కంపెనీ చెయ్యి దులుపుకునే అవకాశం కూడా చిక్కుతుంది.

వంటగ్యాసు గురించి ఒక ముక్క. సిలిండరు వల్ల ప్రమాదం జరిగితే చమురు కంపెనీలు చేయించిన సామూహిక భీమా వున్నది. మనిషి పోతే ఆరు లక్షలు, వైద్యానికి మనిషికి రెండు లక్షల దాకా, ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి రెండు లక్షల దాకా. మనం విడిగా ప్రీమియం కట్టేది లేదు. కాని ఆస్తి నష్టం దక్కాలంటే ప్రమాదం ఆ కనెక్షను నమోదైన చిరునామాలోనే జరిగి వుండాలి. అద్దెకు చేరినవాళ్ళు పాత వూళ్ళో చిరునామా మీదనే సిలిండరు తెచ్చి యిక్కడ వంట చేస్తుంటారు. చేరిన నెలలోనే కనెక్షనును మీ యింటి చిరునామాకు మార్పించుకోమని చెప్పండి. వాళ్ళ మంచికీ మీ మంచికీ కూడాను.

మేడ పిట్టగోడ విరిగి కింద ఆడుకుంటున్న పిల్లవాడిమీద పడితే? భగవంతుడు అలాంటిది రానియ్యకూడదు గాని, వస్తే యింటి యజమానిమీదికే వస్తుంది. గృహ రక్షా గోడ ఖర్చు గురించి ఆలోచిస్తుందే గాని పిల్లవాడి వైద్యం గురించి కాదు. మూడో మనిషికి జరిగే హానికి బాధ్యత భీమా అని విడిగా దొరుకుతుంది. యింటి భీమాలన్నీ మూటకట్టి అమ్మే పాలసీల్లోనూ దాన్ని చేర్చుకోవచ్చును. నలుగురు అద్దెకున్న పాత మేడైతే నేను దాన్ని విలాసం అనుకోను.

భీమా అంటే మనవాళ్ళకు కొత్తేమీ కాదు. ఆంధ్రా బాంకు పెట్టిన రెండేళ్ళకే, 1925లో, పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు. 1956లో జీవిత భీమానూ, 1973లో తక్కిన భీమానూ ప్రభుత్వం తీసుకున్నది. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు మళ్ళీ వచ్చాయి. వందేళ్ళయినా ప్రాణానికీ మోటారు బండికీ భీమా చేస్తాం గాని యింటికి చెయ్యం. మోటారుకైతే పోలీసు ఆపి అడుగుతాడు. యింటికి అడిగేవాళ్ళు ఎవరు? మామూలు యింటికి ఏడాది ప్రీమియం ఒక నెల అద్దెకు కూడా రాదు. కనుక సోదరి మొదటి ప్రశ్నకు నా జవాబు, దండగ కాదు.

మళ్ళీ అలాంటి రోజు వస్తే ఏం చెయ్యాలో కూడా చెబుతాను. మనం ముందు చేసే పని చీపురు పట్టుకోవడం. ఆగండి. బురద కడగకముందే ప్రతి గదికీ, నీటిమరక ఎంతవరకు వున్నదో గోడకూ, పాడైన ప్రతి వస్తువుకూ ఫోటోలు తీయండి. కంపెనీకి వెంటనే తెలియపరచండి. అపాయం కలిగించేది తొలగించండి గాని, తక్కిన పాడైన సామాను సర్వేయరు చూసేదాకా పారెయ్యకండి. సర్వేయరును పంపేది కంపెనీ, ఆయన ఫీజు యిచ్చేదీ కంపెనీయే. మీరు కాఫీ యిస్తే చాలు. మేస్త్రీ దగ్గరా, కరెంటు పనివాడి దగ్గరా కాగితం మీద రసీదు పుచ్చుకోండి. పాలసీ, పన్ను రసీదులు, అద్దె ఒప్పందం నకళ్ళు కింది వాటాలో ట్రంకుపెట్టెలో పెట్టకండి. అవే ముందు మునుగుతాయి.

కంపెనీ న్యాయం చెయ్యలేదనిపిస్తే ముందు కంపెనీకే రాతమూలకంగా ఫిర్యాదు చెయ్యాలి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపల ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చును. హైదరాబాదు కార్యాలయం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఫిర్యాదులు చూస్తుంది. యాభై లక్షల దాకా తీర్పు చెప్పే అధికారం వున్నది. రుసుము లేదు, వకీలు పనిలేదు.

యిక కిందివాళ్ళ ఫ్రిజ్‌జూ టీవీ. అవి మీ పాలసీలోకి రావు, వరదకు మీరు జవాబుదారీ కూడా కారు. ట్యాంకు పగిలిందని నెలరోజులనుంచీ చెబుతున్నా పట్టించుకోక, ఆ నీళ్ళవల్ల వాళ్ళ సామాను పాడైతే అది వేరే మాట. గృహ రక్షాను యింటి గోడలతో నిమిత్తం లేకుండా సామానుకు మాత్రమే తీసుకోవచ్చునని అద్దెకున్నవాళ్ళకు చాలామందికి తెలియదు. ఆ కబురు మీరే చెప్పండి. ఈసారి మీ అమ్మాయి వచ్చినప్పుడు ప్రతిపాదన పత్రం ఆమె చేత నింపించి, యింట్లో ఎవరు వుంటున్నారన్న చోట, "పైన నేను, కింద రెండు కుటుంబాలు అద్దెకు" అని వున్నది వున్నట్టు రాయించండి. వానలు మొదలుకాకముందే అయితే మరీ మంచిది.